అధ్యాపకులకును పాఠములు కావలెను

కుమార్తెను కళాశాలకు పంపునప్పుడు తల్లిదండ్రులు ఎన్నియో సంగతులు విచారింతురు. బస్సు ఎన్ని గంటలకు వచ్చును? రుసుము ఎంత? వసతిగృహములో భోజనము ఎట్లుండును? చీకటి పడకముందే పిల్ల ఇల్లు చేరునా? ఇవన్నియు అడుగదగిన ప్రశ్నలే. కాని మరియొక ప్రశ్నను మాత్రము అడుగువారు అరుదు. అచట పాఠము చెప్పువారికి పాఠము చెప్పుట ఎవరు నేర్పిరి?

ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చును. చిన్నపిల్లలకు అక్షరములు నేర్పు ఉపాధ్యాయిని శిక్షణ కళాశాలలో చదివి, పిల్లలయెదుట నిలిచి పాఠము చెప్పి, పరీక్షకుల మెప్పు పొందిన పిమ్మటనే ఉద్యోగమునకు అర్హురాలగుచున్నది. కళాశాల అధ్యాపకుల సంగతి అట్లు కాదు. ఎం.ఏ. గాని, ఎం.ఎస్సీ. గాని చదివి, నెట్ లేక సెట్ పరీక్షలో నెగ్గినను, పిహెచ్.డి. పట్టము పొందినను చాలును. విషయము తెలిసినవారు విషయము చెప్పగలరని మన నమ్మకము. నూతిలో నీరున్నంతమాత్రమున కడవ నిండదు. చేదవేసి తోడు నేర్పు వేరు. ఇప్పుడు ఆ చేదకు తోడు సెల్ ఫోను, కంప్యూటరు, వీడియో పాఠము అను క్రొత్త సాధనములు వచ్చినవి. వీనితో విద్యార్థినుల మనస్సును పాఠముపై నిలుపుట ఎట్లో అధ్యాపకులకు నేర్పవలసిన అవసరమును గూర్చి మన నల్లగొండ, పాలమూరు సీమలను ఆధారము చేసికొని ముచ్చటింపదలచితిమి.

ఈ సీమలకు ఈ విషయము ఏల ముఖ్యమో మొదట చెప్పెదము. 2011 జనాభా లెక్కలనాడు మహబూబునగరు జిల్లాలో నూటికి 45 మంది స్త్రీలకు మాత్రమే చదువు వచ్చును. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో అక్షరాస్యతయందు కడపటి స్థానము ఆ జిల్లాదే. ఉన్నత విద్యకు చిరకాలము ఉస్మానియా విశ్వవిద్యాలయమే దిక్కై యుండెను. 2007లో నల్లగొండకు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2008లో పాలమూరునకు పాలమూరు విశ్వవిద్యాలయమును వచ్చినవి. 2016లో ఈ రెండు జిల్లాలును పెక్కు జిల్లాలుగా విభజింపబడినను, విద్యార్థినుల స్థితిగతులు ఒక్కనాట మారలేదు. తమ వంశములో కళాశాల గడప త్రొక్కిన మొదటి స్త్రీలు వీరిలో పలువురు కలరు. పనులకై వలసపోయిన తలిదండ్రులు తిరిగి వచ్చువరకు తమ్ములను, చెల్లెండ్రను సాకుచు చదువుకొనువారును కలరు. ఇట్టి బాలికకు పాఠము అర్థము కానిచో ఇంట అడుగుటకు ఎవరునులేరు. ఆమెకు దిక్కు తరగతిలోని అధ్యాపకురాలు ఒక్కతెయే.

యంత్రముతో విద్య చెప్పుట ఈ నేలకు క్రొత్తది కాదనిన సోదరీమణులు ఆశ్చర్యపడుదురేమో! 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జూలై 31వ తేదీ వరకు మన దేశములో ఉపగ్రహము ద్వారా టెలివిజను పాఠముల ప్రయోగ మొకటి జరిగెను. దానిని సైట్ అనిరి. అమెరికావారు ఎరువిచ్చిన ఉపగ్రహమునుండి ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమయ్యెను. తెలుగుదేశమున ఆ భాగ్యము పొందిన జిల్లాలలో మహబూబునగరు ఒకటి. కోళ్ల దొడ్లకు కట్టు తీగవలవంటి వలతో చేసిన పది అడుగుల గొడుగును నిలిపి, దాని క్రింద బడిలోనో, పంచాయతీ కచేరీలోనో టెలివిజను పెట్టెను ఉంచెడివారు. ఉదయము బడిపిల్లలకు గంటన్నర, సాయంకాలము పెద్దలకు రెండున్నర గంటలు, ఆయా భాషలవారికి పంచి, పాఠములు వచ్చుచుండెను.

ఆ ప్రయోగములో మనము గుర్తుంచుకొనవలసినది పెట్టె కాదు, గొడుగు కాదు. 1975 అక్టోబరులో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు పండ్రెండు దినముల విజ్ఞానశాస్త్ర శిక్షణ నిచ్చిరి. వేలకొలది ఉపాధ్యాయులు అందు పాల్గొనిరి. వారు టెలివిజను చూచి ఊరకుండలేదు. రేడియో వినిరి; అచ్చు పుస్తకములు చదివిరి; తమ చేతులతో చిన్న ప్రయోగములు చేసిరి; దగ్గర నున్న మార్గదర్శకునితో చర్చించిరి. యంత్రము ఒక పాలు, మనుష్యుడు మూడు పాళ్లు. పిమ్మట పండితులు పరిశీలింపగా, టెలివిజను చూచిన పిల్లలకు పరీక్షలలో మార్కులు పెరిగినట్లు కానరాలేదు. కాని వారి భాష వృద్ధిపొందెను, తెలిసికొనవలెనను కోరిక హెచ్చెను. పెట్టె కోరికను పుట్టించునే గాని దానిని విద్యగా పండించునది గురువే యని దీనివలన మేము గ్రహించుచున్నాము.

ఆ ప్రయోగము నడచిన దినములలో అహమ్మదాబాదు అంతరిక్ష ఉపయోగ కేంద్రమునకు అధిపతి ఆచార్య యశ్ పాల్. ఆయనయే 1986 నుండి 1991 వరకు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి, కళాశాల అధ్యాపకులకు బోధన నేర్పుటకై అకడమిక్ స్టాఫ్ కాలేజీలను సంఘమువారు 1987లో ఆరంభించిరి. ఉస్మానియా, హైదరాబాదు విశ్వవిద్యాలయములలో అట్టివి నెలకొనెను. క్రొత్తగా చేరినవారికి నాలుగు వారముల ప్రవేశశిక్షణ, అనుభవముగలవారికి మూడు వారముల పునశ్చరణ శిక్షణ ఏర్పడినవి. వీనిని ముగించినగాని పదోన్నతి లేదను నిబంధనయు వచ్చెను. ఈ సంస్థల పేరు 2015లో ఒకమారు మారి, 2023లో మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రములని స్థిరపడెను.

ఏర్పాటు మంచిదే. కాని నాలుగు వారములు ఇల్లు విడిచి హైదరాబాదులో నుండుట ఎవరికి సులభమో సోదరీమణులే ఆలోచింపుడు. అచ్చంపేటలోనో, దేవరకొండలోనో ఉద్యోగము చేయు అధ్యాపకురాలికి చంకలో బిడ్డ, మంచమున అత్తగారు ఉన్నచో, శిక్షణ యనిన సంతోషము కంటె దిగులే ముందు కలుగును. భర్త వెళ్లినచో ఇల్లు నడచును. భార్య వెళ్లినచో ఇల్లు నిలిచిపోవును. అందుచేత ఎందరో స్త్రీలు శిక్షణను ఏటికేడు వాయిదా వేసికొందురు, పదోన్నతియు వెనుకబడును. 2018లో స్వయం అను ప్రభుత్వ ఇంటర్నెట్టు వేదికపై అధ్యాపకులకు నలువది గంటల పునశ్చరణ పాఠములు వచ్చెను. కరోనా వ్యాధి వ్యాపించిన 2020 పిమ్మట శిక్షణలు ఇంటికే వచ్చుట వాడుకయయ్యెను. ఈ మార్పు స్త్రీలకు నిజముగా మేలు చేసినది. అయినను ఒక యెడ పొయ్యిమీద పాలు పొంగుచుండ, మరియొక యెడ తెరపై ఉపన్యాసము సాగుచుండ, చెవిని మాత్రము అప్పగించి కూర్చుండుట శిక్షణ కాదు. ఇంటనుండియే నేర్చుకొను స్త్రీకి ఆ రెండు గంటలు ఇంటివారు పనినుండి విడుదల నీయవలెను.

ఆ 2020వ సంవత్సరమే మనకు రెండవ గుణపాఠము చెప్పినది. మార్చి మాసమున కళాశాలలు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీ నుండి టి-సాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారములగుండ బడిపిల్లలకు పాఠములు వచ్చెను. కళాశాల విద్యార్థులకు ఫోనులో తరగతులు నడచెను. ఇంట ఒక్కటే ఫోను ఉన్నచోట అది ముందుగా అన్నచేతికి పోయెను. సంకేతము అందక మేడలెక్కినవారును, గుట్టలెక్కినవారును కలరు. తెరపై అరువది పేర్లు కనబడుచుండును. ఎందరు వినుచున్నారో అధ్యాపకురాలికి తెలియదు. నల్లబల్లమీది పాఠమునే తెరమీదికి ఎక్కించినంతమాత్రమున బోధన మారదని దేశమంతటికిని తెలిసివచ్చెను.

మరి మారవలసిన దేమి? అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము బోధించు ఆచార్య ఎరిక్ మజూర్ ఈ విషయమున మంచి త్రోవ చూపెను. ఆయన విద్యార్థులు కఠినమైన లెక్కలను సులభముగా చేయుచుండిరి. కాని పెద్ద లారీయు చిన్న కారును ఢీకొన్నప్పుడు ఏది దేనిపై ఎక్కువ బలము చూపునని అడుగగా పలువురు లారీయే యనిరి. రెండును సమానబలమునే చూపునని వారు పుస్తకములో చదివినదే! సూత్రము కంఠమున నున్నది, మనస్సున లేదు. అంతట 1991 ప్రాంతమున ఆయన ఉపన్యాసమును తగ్గించి, తరగతి నడుమ ఒక ప్రశ్న వేసి, ప్రతివారిచే జవాబు చెప్పించి, ప్రక్కవారితో వాదింపజేసి, మరల జవాబు చెప్పించు పద్ధతిని అవలంబించెను. జవాబులను లెక్కించుటకు చేతిలో ఇముడు చిన్నమీటల యంత్రములు తరువాత వచ్చినవి. కాని యంత్రము లేనిచో నాలుగు రంగుల అట్టముక్కలు చాలును. ఫోనులేని బాలికయు ఎఱ్ఱ అట్టనో, పచ్చ అట్టనో ఎత్తి చూపగలదు. బల్లలచివర కూర్చుండి ఏడాదిపాటు నోరు మెదపని పిల్లయు ప్రక్కపిల్లతో మాటలాడక తప్పదు.

మన సీమకు తగిన ఉదాహరణ మొకటి చెప్పెదము. ఫ్లోరైడు నీటివలన నల్లగొండ జిల్లా పడిన బాధ జగమెరిగినది. నాగపూరులోని నీరీ సంస్థవారు పటికయు సున్నమును కలిపి ఆ దోషమును తగ్గించు ఉపాయమును కనిపెట్టి దానికి నల్లగొండ పద్ధతి యని పేరిడిరి. నేడు గొట్టములలో నదీజలము వచ్చుచున్నను పాత బోరులు, బావులు అట్లే ఉన్నవి. రసాయనశాస్త్ర అధ్యాపకురాలు ఈ సంగతిని పుస్తకమునుండి చదివి వినిపింపవచ్చును. అట్లుగాక, ప్రతి విద్యార్థినిని తన యూరి బావినీరు ఒక సీసాలో తెమ్మని, కళాశాలలో పరీక్ష చేయించి, వచ్చిన అంకెలను కంప్యూటరులోని ఉమ్మడి పట్టికలో వ్రాయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన గ్రామములను పటములో ఎఱ్ఱగా గుర్తింపజేసినచో? ఆ పాఠము ఏ బాలిక మరచును? ఇచట యంత్రము చేసిన పని స్వల్పము. అది లేనిచో అరువది గ్రామముల సంగతి ఒక్కచూపులో కనబడదు.

భాష మాట యొకటి చెప్పవలసియున్నది. తెలుగులో చదివి వచ్చిన బాలిక కళాశాలలో ఆంగ్లమున చదువవలసివచ్చుచున్నది. ఇంటర్నెట్టులో దొరకు మంచి పాఠములలో పెక్కు ఆంగ్లమందే యున్నవి. అధ్యాపకురాలు తన గొంతుతో, మన తెలుగులో, అయిదు నిమిషముల పాఠమును ఫోనులోనే పట్టియుంచినచో, బాలిక దానిని రాత్రి గిన్నెలు తోమి ముగించిన పిమ్మట పదిమారులైన వినగలదు. తరగతిలో మరల అడుగుటకు సిగ్గుపడు పిల్లకు ఇంతకంటె మేలేమున్నది?

కావున శిక్షణ యనగా ఏ మీట నొక్కిన ఏమి వచ్చునో చూపుట కాదు. అది ఒక పూటలో నేర్వదగినది. ఏ ప్రశ్న అడిగిన తరగతి మేల్కొనును, ఏ పాఠమునకు యంత్రము కావలెను, దేనికి వలదు, ఫోనులేని పిల్లను విడువక పాఠము నడుపుట ఎట్లు అనునవి నేర్పవలెను. శిక్షణ పొందువారు వినుటయే గాక, తోటివారియెదుట పాఠము చెప్పి చూపవలెను. తిరిగి వచ్చి ఒక మాసము పాఠములు చెప్పిన పిమ్మట ఏది ఫలించెనో, ఏది ఫలింపలేదో మరల కలిసికొని చెప్పుకొనవలెను. సైట్ నాటి పండ్రెండు దినములలో మార్గదర్శకుడు ప్రక్కన నుండెను. నేటి శిక్షణలకు ఆ తోడు మరింత అవసరము.

తల్లులు చేయవలసినదియు కలదు. ఇంట ఒక్కటే ఫోను ఉన్నచో దానికి వేళలు ఏర్పరచి, కుమారునితో సమానముగా కుమార్తెకు గంట కేటాయింపుడు. తల్లిదండ్రుల సమావేశమునకు పోయినప్పుడు మార్కులతో తృప్తిపడక, ఈ యేడు మీ అధ్యాపకులలో ఎందరు శిక్షణకు వెళ్లిరి, దానివలన మా పిల్లల తరగతిలో వచ్చిన మార్పేమి యని వినయముతో అడుగుడు. అడుగువారున్నప్పుడే పని జరుగును. తమ ఇంట అధ్యాపకురాలైన కోడలున్నచో ఆమె శిక్షణకు వెళ్లు దినములలో బిడ్డను ఎత్తుకొనుడు. ఆ ఒక్క కోడలు నేర్చుకొని వచ్చిన పాఠము ఏటేట నూరుమంది ఆడపిల్లలకు చేరును.