హెల్మెట్ ఆపలేని దెబ్బ

ఆట మానేసిన చాలా ఏళ్లకు మతిమరుపు, పట్టరాని కోపం, బతుకు మీద విరక్తి. అమెరికా ఫుట్‌బాల్ ఆటగాళ్ల ఇళ్లలో మొదలైన ఈ కథ, తలకు దెబ్బ తగిలిన మనిషి ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

మైక్ వెబ్‌స్టర్ పేరు మనలో చాలామంది విని ఉండరు. అమెరికాలో మాత్రం ఆయన పెద్ద స్టార్. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుతో నాలుగు సూపర్ బౌల్ టైటిళ్లు గెలిచారు. 17 సీజన్లు ఆడి 1990 సీజన్‌తో ఆట మానేశారు. ఆ తర్వాత మనిషి మారిపోయారు. జ్ఞాపకశక్తి తగ్గింది. కుంగుబాటు వచ్చింది. కుటుంబం చెదిరింది, డబ్బు పోయింది. కొన్ని రాత్రులు ట్రక్కులోనే పడుకున్నారు. 2002లో గుండెపోటుతో చనిపోయే నాటికి ఆయన వయసు 50.

పోస్టుమార్టం చేసిన డాక్టర్ బెన్నెట్ ఒమాలుకు మెదడు పైకి మామూలుగానే కనిపించింది. అయినా సందేహం తీరక పలుచటి ముక్కలు కోయించి మైక్రోస్కోపు కింద చూశారు. ఆ వయసులో ఉండకూడని ప్రొటీన్ మచ్చలు కనిపించాయి. ఆ వివరాలు 2005లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. వెబ్‌స్టర్ ‘బుద్ధి’ మారలేదు, మెదడే దెబ్బతిన్నదని అప్పుడు తెలిసింది.

ఒక్క మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం టీవీలో చూసే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అడ్డొచ్చిన వాళ్లను ఒంటితో ఢీకొట్టి పడేయడం ఆటలో భాగమే. ఆటగాళ్లందరికీ గట్టి హెల్మెట్లు ఉంటాయి. మరి మెదడుకు దెబ్బ ఎలా తగిలింది?

పుర్రె లోపల జరిగేది ఇదీ

మన మెదడు జున్నులా మెత్తగా ఉంటుంది. చుట్టూ నీరు, ఆపైన పుర్రె. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. కానీ వేగంగా కదులుతున్న తల ఒక్కసారిగా ఆగినా, గిర్రున తిరిగినా లోపల మెదడు కదిలిపోతుంది. నిండు చెంబు పట్టుకుని నడుస్తూ టక్కున ఆగితే నీళ్లు తొణుకుతాయి కదా, అలా. ఆ కుదుపుకు సన్నని నాడీ తంతువులు సాగుతాయి. కాసేపు తల తిరగడం, అయోమయం, వాంతి వచ్చినట్టు ఉండటం వీటివల్లే. దీన్నే కంకషన్ అంటాం. సీటీ స్కాన్‌లో సాధారణంగా ఏమీ కనిపించదు. రక్తస్రావం లేదని స్కాన్ చెబుతుందే తప్ప, మెదడుకు ఏమీ కాలేదని చెప్పలేదు.

కంకషన్ వచ్చిన వాళ్లలో ఎక్కువమంది కొద్ది వారాల్లో కోలుకుంటారు. ఒక దెబ్బకే భయపడక్కర్లేదు. ప్రమాదం అవే దెబ్బలు ఏళ్ల తరబడి పడటంలో ఉంది. స్పృహ తప్పించే పెద్ద దెబ్బలే కానక్కర్లేదు, ఆటగాడు లెక్కచేయని చిన్న ఢీకొట్టుళ్లు కూడా లెక్కలోకే వస్తాయి. నాడీ తంతువులకు ఊతంగా ఉండే టావ్ అనే ప్రొటీన్ చెదిరి, మెదడు మడతల అడుగున చిన్న రక్తనాళాల చుట్టూ ముద్దలుగా పేరుకుంటుంది. కోపాన్ని అదుపుచేసే, ఆలోచించే, గుర్తుపెట్టుకునే భాగాలకు మెల్లగా పాకుతుంది. ఈ జబ్బు పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, పొట్టిగా సీటీఈ. ఇది మరీ కొత్తదేమీ కాదు. దెబ్బలు తిన్న బాక్సర్లలో ఇలాంటి లక్షణాలను 1928లోనే మార్ట్‌లాండ్ అనే డాక్టర్ రాశారు.

111 మందిలో 110

2017లో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక లెక్క బయటపెట్టారు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి చనిపోయిన 111 మంది మెదళ్లు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ కనిపించింది. వినగానే గుండె జారుతుంది. కానీ ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఆ మెదళ్లు కుటుంబాలు దానం చేసినవి. ‘మా నాన్న చివరి రోజుల్లో మారిపోయారు’ అని అనుమానం వచ్చిన ఇళ్లే ఎక్కువగా ముందుకొస్తాయి. కాబట్టి ఆడిన ప్రతి వందమందిలో 99 మందికి ఈ జబ్బు ఉందని అర్థం కాదు. ఆటకూ జబ్బుకూ సంబంధం లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. చాలాకాలం ఒప్పుకోని ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రతినిధి కూడా 2016లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు సంబంధం ఉందని అంగీకరించారు.

మనం మామూలుగా ఆడే ఫుట్‌బాల్‌కూ ఇందులో వాటా ఉంది. ఇంగ్లండ్ ఆటగాడు జెఫ్ ఆస్టల్ తలతో బంతి కొట్టడంలో పేరున్నవాడు. 59 ఏళ్లకే మతిమరుపు జబ్బుతో 2002లో చనిపోయారు. ఆయన చేసిన పనివల్ల వచ్చిన జబ్బే ప్రాణం తీసిందని అక్కడి విచారణాధికారి తేల్చారు. గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది మాజీ స్కాట్లాండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల వివరాలు పరిశీలించి 2019లో ఒక నివేదిక ఇచ్చారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే అవకాశం వీళ్లలో మామూలు జనం కంటే దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువ. అదే సమయంలో గుండెజబ్బులతో చనిపోవడం తక్కువ. అంటే ఆట చెడ్డది కాదు. తలకు పడే దెబ్బలే చెడ్డవి.

మనసు జబ్బా? మెదడు జబ్బా?

డేవ్ డ్యుయెర్సన్ 2011లో 50 ఏళ్ల వయసులో, జూనియర్ సియావ్ 2012లో 43 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నారు. ఇద్దరూ పేరుమోసిన ఆటగాళ్లు. తన మెదడును పరిశోధనకు ఇవ్వాలని డ్యుయెర్సన్ రాసి పెట్టారు. ఇద్దరి మెదళ్లలోనూ సీటీఈ బయటపడింది. ఈ వార్తలు విన్న మాజీ ఆటగాళ్లలో ఒక భయం పాకింది: ‘నాకూ వచ్చింది. ఇక మందు లేదు.’

నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఈ భయం గురించే. సీటీఈని ఈ రోజుకీ ఖాయంగా చెప్పగలిగేది చనిపోయాక మెదడును పరీక్షించినప్పుడే. బతికున్న మనిషికి ఏ డాక్టరూ ‘నీకు సీటీఈ ఉంది’ అని నూటికి నూరుపాళ్లు చెప్పలేరు. అయినా హార్వర్డ్ పరిశోధకులు దాదాపు 2,000 మంది మాజీ ఆటగాళ్లను అడిగితే మూడోవంతు మంది తమకు సీటీఈ ఉందని నమ్ముతున్నారు. 2024లో ఈ ఫలితాలు వచ్చాయి. అలా నమ్మేవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి చావు ఆలోచనలు ఉన్నాయి. నమ్మనివాళ్లలో అది నూటికి ఐదుగురే.

నమ్మకం వల్లే ఆ ఆలోచనలు వచ్చాయని ఈ లెక్క నిరూపించదు. అయితే వాళ్లలో చాలామందికి కుంగుబాటు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య, తీరని నొప్పులు, హార్మోన్ల లోపం వంటివి ఉన్నాయి. మతిమరుపు, చిరాకు, నిరాశ వీటివల్ల కూడా వస్తాయి. వీటన్నిటికీ వైద్యం ఉంది. ‘మెదడు పోయింది, ఇంకేం చేస్తాం’ అని కూర్చున్న మనిషి, నయమయ్యే జబ్బును కూడా నయం కాకుండా మోస్తున్నాడన్నమాట.

మన ఇళ్లలో దీనికి వ్యతిరేకమైన పొరపాటు జరుగుతుంది. మా ప్రభుత్వాసుపత్రికి బైకు మీద నుంచి పడి తలకు దెబ్బతో వచ్చేవాళ్లకు లెక్కలేదు. కుట్లు మానాక ఇంటికి పంపుతాం. కొన్ని నెలలకు ఇంట్లో గొడవలు మొదలవుతాయి. ‘యాక్సిడెంట్ నుంచి బాగానే లేచాడు, కావాలనే అరుస్తున్నాడు, పనికి బద్ధకిస్తున్నాడు’ అంటారు. వీళ్లకు ఉన్నది సీటీఈ అని కాదు. ఒక్క ప్రమాదం, ఏళ్ల తరబడి దెబ్బలు రెండూ వేరు. కానీ తలకు దెబ్బ తగిలాక కుంగుబాటు, నిద్రలేమి, ముక్కుమీద కోపం రావడం మామూలే. అది పొగరు కాదు, జబ్బు లక్షణం. దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పండి. అవసరమైతే సైకియాట్రిస్టుకు చూపించండి. థైరాయిడ్, బి12, బీపీ, షుగర్, నిద్ర, మద్యం అలవాటు కూడా చూసుకోవాలి.

అమెరికాలో మనవళ్లున్న ఇళ్లకు

పిల్లవాడు స్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరతానంటే కంగారుపడి ఆటే మాన్పించకండి. ఢీకొట్టుకోకుండా నడుముకు కట్టిన గుడ్డ పట్టీ లాగి ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ దాన్ని చేర్చారు. ఢీకొట్టే ఆట ఎంత ఆలస్యంగా మొదలుపెడితే, ఎన్ని తక్కువ ఏళ్లు ఆడితే తలకు పడే దెబ్బలు అంత తక్కువ. సాకర్ ఆడే పదేళ్లలోపు పిల్లలు తలతో బంతి కొట్టకూడదని అమెరికా సాకర్ సంఘం 2015లోనే నిబంధన తెచ్చింది.

తలకు దెబ్బ తగిలిన రోజు

* ఆట అక్కడితో ఆపాలి. ‘బాగానే ఉన్నా’ అన్నా ఆ రోజు మళ్లీ దించకూడదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు.
* పదేపదే వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవనంత మగత, ఫిట్స్, మాట తడబడటం, కాలూచేయీ పట్టు తప్పడం, ముక్కు లేదా చెవి నుంచి రక్తం గానీ నీరు గానీ కారడం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.
* పెద్ద వయసువాళ్లు, రక్తం పలుచబరిచే మందులు వాడేవాళ్లు చిన్న దెబ్బయినా ఆసుపత్రికి రావాలి.
* ప్రమాద లక్షణాలు లేకపోతే ఒకటి రెండు రోజులు విశ్రాంతి. ఫోను, టీవీ తగ్గించాలి. తర్వాత మెల్లగా నడక, ఆపైన చదువు. ఆట చివర్లో, డాక్టరు సరేనన్నాకే.
* నెల దాటినా తలనొప్పి, మరుపు, చిరాకు తగ్గకపోతే మళ్లీ చూపించుకోవాలి.
* బతకాలని లేదనే మాట ఎవరి నోట వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. వాళ్లను ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు.

బైకు మీద వెళ్లేటప్పుడు హెల్మెట్ తప్పనిసరి. పుర్రెను కాపాడేది అదే. కానీ లోపలి మెదడుకు తగిలిన దెబ్బ ఏ స్కాన్‌లోనూ పడకుండా, ఇంటి మనిషి మాటలో, నిద్రలో, కోపంలో బయటపడవచ్చు. దాన్ని ముందుగా గమనించగలిగేది మీరే.