గాలపు బెండు, సీసపు గుండు, హంస

ఇంగ్లండులో ఏటా జూన్ 16 వ తేదీన తెల్లవారక ముందే నదుల గట్ల మీద గాలాలు వేసేవారు చేరుకుంటారు. అంతకు ముందు మూడు నెలలు, అనగా మార్చి 15 నుండి జూన్ 15 వరకు, అక్కడి నదులలో చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజులలో గాలం వేయరాదన్న నియమం 1878 నాటి చట్టంతో వచ్చింది. గడువు తీరిన మొదటి ఉదయం కోసం ఎదురు చూసేవారు వేలకొలది ఉంటారు. పట్టిన చేపను వీరిలో అధికసంఖ్యాకులు ఇంటికి తీసుకుపోరు. తూచి, చూచి, తిరిగి నీటిలో విడిచిపెడతారు.

ఈ నియమం వర్తించే చేపలను ఆంగ్లేయులు 'ముతక చేపలు' అని వ్యవహరిస్తారు. సాల్మన్, ట్రౌట్ చేపలు గొప్పవారి వేటకు, విందులకు చెందినవి. మిగిలిన మంచినీటి చేపలన్నీ ముతకవి. ఇది జంతుశాస్త్రం చేసిన విభజన కాదు, సంఘం చేసిన విభజన. గ్రేలింగ్ అనే చేప సాల్మన్ కుటుంబానికే చెందినదైనా, గాలపు కాలం విషయంలో దానిని ముతక చేపలతోనే కలిపి లెక్కిస్తారు.

ముతక చేపలలో నదికి అసలైన నివాసి చబ్. వెడల్పైన తల, పెద్ద నోరు, కంచురంగు పొలుసులు దీని గుర్తులు. మన బొచ్చె, శీలావతి చేపలకు ఇది దూరపు బంధువు; మూడూ సిప్రినిఫార్మిస్ అనే ఒకే క్రమానికి చెందినవి. వాటివలెనే చబ్‌కు కూడ దవడలలో పళ్ళు ఉండవు, గొంతులో ఉంటాయి. ఆ పళ్ళతో నత్తగుల్లలను సైతం నలిపివేయగలదు. పురుగులు, చిన్నచేపలు, కప్పలు, గట్టు మీది పొదల నుండి నీటిలో రాలిన పండ్లు - ఏదైనా దానికి ఆహారమే. ఇంత తిండిపోతు అయినా మిక్కిలి బెదురు చేప. నీటి మీదికి వంగిన విల్లో చెట్ల నీడలో నిలిచి, ప్రవాహం తెచ్చిన దానిని అందుకుంటుంది. గట్టు మీద అడుగుల చప్పుడైతే చాలు, మాయమవుతుంది.

అటువంటి చేప ఎరను నోట పెట్టుకున్న సంగతి ఇరవై గజాల దూరంలో ఉన్న మనిషికి ఎట్లా తెలియాలి? ఆ వార్తను తెచ్చేది బెండు. మన చెరువుగట్ల మీద జీలుగుబెండు ముక్కను గాలపు దారానికి కట్టటం అందరూ చూచినదే. ఇంగ్లండు బెండు పని కూడ అదే, కాని దానిని తూకం వేసి తయారు చేస్తారు.

ఒక బెండు ఘనపరిమాణం 2 ఘన సెంటీమీటర్లు, బరువు అర గ్రాము అనుకుందాం. ఆర్కిమిడీస్ సూత్రం ప్రకారం పూర్తిగా మునిగినపుడు అది 2 గ్రాముల నీటిని తొలగిస్తుంది. దాని సొంత బరువు పోగా, ఇంకా ఒకటిన్నర గ్రాముల బరువును మోయగలదన్నమాట. దారానికి చిన్న సీసపు గుండ్లు నొక్కి ఈ బరువును సమకూర్చుతారు. గాలగాళ్ళు 'బి.బి.' అని పిలిచే గుండు బరువు 0.4 గ్రాము. నాలుగు గుండ్లు కలిసి 1.6 గ్రాములు. బెండు మోయగలది ఒకటిన్నరే గదా, మునిగిపోదా? మునగదు. గుండ్లు కూడ నీటిలోనే ఉన్నవి. అవి కూడ తమ పరిమాణానికి తగిన నీటిని తొలగిస్తాయి. సీసం నీటి కంటె 11.3 రెట్లు బరువైనది కాబట్టి, 1.6 గ్రాముల సీసం నీటిలో 1.46 గ్రాములు మాత్రమే తూగుతుంది. ఇక మిగిలిన తేడా 0.04 గ్రాము.

బెండు కొన మూడు మిల్లీమీటర్ల మందం గల సన్నని పుల్ల అయితే, ఈ తేడా వలన అర సెంటీమీటరుకు కొంచెం పైగా నీటి మీద నిలుస్తుంది. దానిని ముంచటానికి 0.04 గ్రాము లాగుడు చాలు. రెండు బియ్యపుగింజల బరువు! కొన రెట్టింపు మందంగా ఉంటే, అంతే ఎత్తు కొనను ముంచటానికి నాలుగు రెట్ల బలం కావాలి. కొనను సన్నగా చెక్కటంలోని రహస్యం ఇదే.

బెండు మునగటమే కాదు, పైకి లేవటం కూడ వార్తయే. గాలపు ముల్లుకు దగ్గరగా 0.06 గ్రాము గుండు ఒకటి ఉన్నదనుకుందాం. చేప ఎరను నోట పట్టి పైకి లేస్తే, ఆ గుండు బరువు బెండు మీద నుండి తొలగిపోతుంది. అప్పుడు పై లెక్క ప్రకారం కొన ముప్పాతిక సెంటీమీటరు వరకు పైకి లేస్తుంది. కొత్తవారు బెండు మునగటం కోసమే చూస్తూ, ఈ చేపను పోగొట్టుకుంటారు. పాఠశాలలో దీనిని చూపటం సులభం: రెండు కొనలూ మూసిన స్ట్రా గొట్టానికి అడుగున బంకమట్టి అద్ది, నీటి జాడీలో నిలిపి, రవ్వంత మట్టి తీసి చూస్తే చాలు.

ఇంతవరకు చెప్పినది నిలకడ నీటి మాట. నది కదులుతుంది, అందులోను అంతటా ఒకే వేగంతో కదలదు. అడుగున రాళ్ళు, ఇసుక ఒరపిడి వలన నీరు మందగిస్తుంది. ఒకటిన్నర మీటర్ల లోతులో, పైనీరు సెకనుకు 60 సెంటీమీటర్లు పోతుంటే, అడుగుకు కొంచెం పైన ఉన్న నీరు 40 సెంటీమీటర్లే పోవచ్చు. బెండును దాని ఇష్టానికి విడిచితే పైనీటి వేగంతో పరుగెత్తి, ఎరను వెంట ఈడ్చుకుపోతుంది. అడుగున సహజంగా కొట్టుకువచ్చే పురుగులు మెల్లగా వస్తుండగా, ఈ ఒక్క పురుగు మాత్రం పరుగుపందెంలో ఉన్నట్లు వస్తే చబ్ అనుమానిస్తుంది. అందువలన నిపుణుడు దారాన్ని వ్రేలితో ఆపుతూ ఆపుతూ వదలుతాడు. బెండు వేగం తగ్గుతుంది, ఎర దాని కంటె ముందుగా సాగి చేపను చేరుతుంది. ఈ పనికి ఒక్క ఇరుసు మీద తిరిగే గుండ్రని చక్రపు రీలును వాడతారు; వ్రేలి స్పర్శకు అది ఇట్టే లొంగుతుంది. ట్రెంట్, ఏవన్ వంటి నదుల మీద ఈ విద్య తరతరాలుగా పెంపొందింది.

బెండు రూపం కూడ నదిని బట్టియే. మెల్లని నీటికి సన్నని పుల్ల బెండు, సుడులు తిరిగే వడినీటికి పైభాగాన బొద్దుగా ఉండి ఎక్కువ గుండ్లు మోసే బెండు. ఈ రెండవ దానికి ఏవన్ అని పేరు. ఇంగ్లండులో ఏవన్ అనే నదులు పెక్కు ఉన్నవి. ఆ దేశపు ప్రాచీన భాషలో ఆ మాటకు నది అనే అర్థం. బెండ్లకు నెమలి ఈక కాడ ఎంతో కాలంగా మెచ్చిన పదార్థం. రెల్లుకు దగ్గర చుట్టమైన సర్కండా గడ్డి కాడతోను బెండ్లు చేస్తారు. రెండూ భారతదేశపు వస్తువులే.

ఇక గుండ్ల సంగతి. సీసం బరువైనది, చవకైనది, మెత్తనిది. గుండులో చీలిక చేసి, అందులో దారం పెట్టి, పళ్ళతో నొక్కితే బిగుస్తుంది, గోటితో విప్పవచ్చు. నిజంగానే గాలగాళ్ళు పళ్ళతో నొక్కేవారు! ఈ గుండ్లు తరచు చేతి నుండి జారేవి, తెగిన దారంతో పోయేవి. అట్లా నది అడుగున, గట్ల మీద సీసం పేరుకున్నది.

హంసలకు పళ్ళు లేవు. తిన్న నీటిమొక్కలను నలపటానికి అవి చిన్న గులకరాళ్ళు మింగుతాయి. ఆ రాళ్ళు కందనకాయలో చేరి తిరగలివలె పనిచేస్తాయి. గులకరాయికీ సీసపు గుండుకూ భేదం హంసకు తెలియదు. కందనకాయలో రాళ్ళ రాపిడికి, జీర్ణరసపు ఆమ్లానికి సీసం కరిగి రక్తంలో కలుస్తుంది. అది నరాలను, కండరాలను చచ్చుపరుస్తుంది. రక్తం తయారు కావటాన్ని కూడ అడ్డగిస్తుంది. ఆహారనాళపు కండరాలు పనిచేయకపోవటం వలన తిన్నది క్రిందికి దిగదు. ఎత్తి నిలిపే మెడ మొదలు వద్ద వంగి వీపు మీదికి వాలుతుంది. గొంతునిండ మేత ఉండి కూడ హంస ఆకలితో చనిపోతుంది.

స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం షేక్స్పియర్ జన్మస్థలం. బెన్ జాన్సన్ 1623 లో అతనిని ఏవన్ నది హంసతో పోల్చాడు. ఆ పట్టణం వద్ద ఏవన్ మీద 1960 లలో పదుల సంఖ్యలో కనిపించిన హంసలు, 1970 లు ముగిసే నాటికి దాదాపు లేకుండ పోయినవి. థేమ్స్ నదిలోను అంతే. చనిపోయిన పక్షులను కోసి చూచిన శాస్త్రజ్ఞులకు కందనకాయలలో గాలపు గుండ్లు దొరికినవి. 1981 లో ప్రకృతి పరిరక్షణ మండలి ఈ విషయం మీద నివేదిక ప్రకటించింది. గాలగాళ్ళలో కొందరు మొదట నమ్మలేదు. తరతరాలుగా వాడుతున్న రవ్వంత గుండు ఇంత పని చేయగలదంటే నమ్మటం కష్టమే. చివరకు 1987 జనవరి నుండి 0.06 గ్రాముకు మించి 28.35 గ్రాముల వరకు బరువుండే సీసపు గుండ్ల అమ్మకం చట్టవిరుద్ధమైంది.

ప్రత్యామ్నాయం వెదకటం పదార్థశాస్త్రానికి చక్కని సమస్య. తగరం మెత్తనిదే గాని నీటి కంటె 7.3 రెట్లు మాత్రమే బరువైనది. పైన చెప్పిన బెండుకు 1.6 గ్రాముల సీసం బదులు అంతే బరువు తగరం కడితే, అది నీటిలో 1.38 గ్రాములే తూగుతుంది. బెండు కొన 1.7 సెంటీమీటర్లు పైకి నిలిచి, చేప లాగుడుకు మూడింతలు మొండికేస్తుంది. టంగ్‌స్టన్ నీటి కంటె 19.3 రెట్లు బరువు, కాని పళ్ళతో నొక్కటానికి లొంగనంత గట్టిది. దాని పొడిని మెత్తని ప్లాస్టిక్ పదార్థంలో కలిపి, మైనంవలె దారానికి అద్దేటట్లు చేశారు. ఈ కొత్త గుండ్లు మొదట దారం మీద నుండి జారేవి, దారాన్ని కోసేవి. గొణుగుళ్ళు చాలానే వినిపించాయి. గుండ్లు కూడ క్రమంగా మెరుగుపడినవి.

నిషేధం తరువాతి సంవత్సరాలలో హంసల రక్తంలో సీసం తగ్గింది, థేమ్స్ మీద వాటి సంఖ్య మరల పెరిగింది. అయితే సీసం త్రుప్పుపట్టి మాయమయ్యే లోహం కాదు. 1987 కు ముందు జారిపడిన గుండ్లు బురదలో నిలిచి ఉంటాయి. వరద వచ్చి అడుగును కలచినపుడు, లేదా నదిని పూడిక తీసినపుడు, అవి మరల హంసల ముక్కుకు అందే చోటికి వస్తాయి.