గర్భిణికి సూది – ఇంట్లోవారి సందేహాలు

కాలికి మేకు గుచ్చుకుంటే మగవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆసుపత్రికి వచ్చి "టి.టి. వేయండి" అని చెయ్యి చాపుతారు. అదే మనిషి, భార్యకు మూడో నెలలో సూది అనేసరికి "కడుపులో బిడ్డ ఉంది కదండీ, కాన్పయ్యాక చూద్దాం" అంటాడు. మనుబోలు చుట్టుపక్కల ఊళ్ళ నుండి వచ్చే దంపతుల దగ్గర మేము ఈ మాట తరచుగా వింటున్నాము. ఇది నిర్లక్ష్యం కాదు, బిడ్డ మీది ప్రేమతో పుట్టిన భయం. కసురుకోకుండా జవాబు చెప్పడం మా పని.

ధనుర్వాత క్రిములు మట్టిలోను, పశువుల పేడలోను ఏళ్ళ తరబడి నిలిచి ఉంటాయి. సేద్యం, పాడి ఉన్న మన ఊళ్ళలో అవి లేని చోటు లేదు. శుభ్రం లేని బ్లేడుతో బొడ్డు కోసినా, బొడ్డుకు పేడో బూడిదో రాసినా బిడ్డ ఒంట్లో చేరతాయి. పుట్టినప్పుడు చక్కగా పాలు తాగిన బిడ్డ కొద్ది రోజులకే నోరు తెరవలేక పాలు మానేస్తుంది. ముట్టుకుంటే చాలు, ఒళ్ళు విల్లులా బిగుసుకుపోతుంది. అప్పుడు బతికించడం చాలా కష్టం. తల్లికి ముందుగా సూది వేస్తే ఆమె రక్తంలో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. కాన్పయ్యాక వేస్తే ఈ బిడ్డకు ఆ రక్షణ అందదు.

"మా కాలంలో ఇవన్నీ ఎక్కడివి?" అనే పెద్దవాళ్ళున్నారు. ఆ కాలంలో పురిటిలోనే పోయిన పసికందుల లెక్క కూడా వాళ్ళకే తెలుసు. 1988లో ప్రపంచం మొత్తం మీద సుమారు 7,87,000 మంది పసిబిడ్డలు ఈ జబ్బుతో చనిపోయారని అంచనా. మన రాష్ట్రంలో 2003లోను, దేశమంతటా 2015లోను పురిటి ధనుర్వాతాన్ని అదుపు చేసినట్లు నిర్ధారించారు. అంటే ప్రతి జిల్లాలోను వెయ్యి కాన్పులకు ఒక కేసు కంటే తక్కువ అని అర్థం. క్రిమి మాత్రం మట్టిలోనే ఉంది.

ఇప్పుడు టి.టి. బదులు టి.డి. ఇస్తున్నారు. ఇది కంఠసర్పి నుండి కూడా కాపాడుతుంది. ఇందులో బతికున్న క్రిమి ఉండదు. గర్భం తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారాలకు రెండోది. మూడేళ్ళలోపు కాన్పులో రెండూ వేయించుకున్నవారికి ఒక బూస్టర్ చాలు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి.

తట్టు, రుబెల్లా టీకా వంటివి మాత్రం గర్భిణులకు వేయకూడదు, నిజమే. అందుకే ఏ సూది అని అడగడం తప్పు కాదు. 2021 జులైలో గర్భిణులకు కోవిడ్ టీకా అనుమతించినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు వచ్చాయి.

పరీక్షకు వచ్చేటప్పుడు కార్డు మరచిపోకండి. అత్తగారికి అనుమానం ఉంటే ఆమెను కూడా వెంటబెట్టుకు రండి, కూర్చుని మాట్లాడుకుందాం.