అతిథుల పట్టణము - మదనపల్లె

ఒక పట్టణమును చూచుట యన్న దాని గోపురమును, కోటను, రాజభవనమును చూచి వచ్చుట యని పలువురు తలంతురు. అది సగము చూపు మాత్రమే. పట్టణము యొక్క ప్రాణము దాని వీథులలోను, ఆ వీథులలో నివసించు జనులలోను ఉండును. ఆ జనులు క్రొత్తవానిని ఎట్లాదరింతురో తెలిసికొన్ననాడే ఆ యూరు తెలిసినట్లు. ఈ విషయమును చక్కగా బోధింపగల పట్టణములలో మదనపల్లె యొకటి.

ఆంధ్రప్రదేశమునకు నైరుతి మూలను, కర్ణాటకపు సరిహద్దునకు చేరువగా, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున మదనపల్లె యున్నది. 1911లో చిత్తూరు మండల మేర్పడువరకు ఈ ప్రాంతము కడప మండలములో చేరియుండెను. చుట్టును రాతికొండలు, బాహుదానదిలో మంచి వానలు కురిసినప్పుడు తప్ప నీరు కానరాదు. కాని గాలి పొడిగాను, చల్లగాను ఉండును. తీరప్రాంతపు పట్టణములు వేసవిలో ఉడికిపోవునప్పుడు సైతము ఇచట సాయంకాలము హాయిగా గడచును. ఈ గాలియే దూరదేశముల వారిని ఇచటికి రప్పించిన కారణములలో నొకటి.

మదనపల్లెను చూడ వచ్చినవాడు ముందుగా అంగడివీథిలో తీరికగా నడువవలెను. అచట తెలుగు, ఉర్దూ, కన్నడము, తమిళము నాలుగును వినవచ్చును. కోలారు, చింతామణి వైపునుండి వచ్చినవారు కన్నడమును, వేలూరు వైపునుండి వచ్చినవారు తమిళమును మాటలాడుదురు. ఒకే వర్తకుడు ఒకరితో తెలుగున బేరమాడి, మరుక్షణమున మరియొకరికి ఉర్దూలో బదులు చెప్పుట ఇచట వింత కాదు. ఏ పాఠశాలలోను నేర్వని ఈ బహుభాషాజ్ఞానము ఇరుగుపొరుగుల సహవాసమువలన అబ్బినది. భోజనశాలలో రాగిసంగటియు, వేరుసెనగ ఊరిబిండియు దొరకును. మెట్టపొలముల కష్టము తెలిసినవారి ఆహార మది.

అచటినుండి నీరుగట్టువారిపల్లెకు పోయినచో మగ్గముల చప్పుడు వినవచ్చును. పట్టుచీరలు నేయు కుటుంబములు ఇచట పెక్కు గలవు. గుంటమగ్గమున నేతగాడు నేలలోని గోతిలో కాళ్లుంచి, పాదములతో పలకలను త్రొక్కుచు, చేతితో నాడెను ఆడించును. పోగు నతుకుట, కండెలు చుట్టుట మున్నగు పనులలో ఇంటివారందరును తోడ్పడుదురు. గడపకడ నిలిచి చూచువానిని “ఏ ఊరు నాయనా మీది?” అని ఇంటి పెద్ద పలుకరించును. అట్టి పలుకరింపునకు తొందరపడక బదులు చెప్పుట అతిథి ధర్మము. చీరవెల యెట్లేర్పడునో, అందులో నేతగానికి దక్కు భాగ మెంతయో అట్టి సంభాషణవలననే తెలియును.

ఇక దివ్యజ్ఞాన కళాశాల. దీనిని 1915లో అనిబిసెంటు స్థాపించెను. ఐర్లండు దేశపు కవి జేమ్సు కజిన్సు మద్రాసులో ఆమె నడపిన ‘న్యూ ఇండియా’ పత్రికలో పనిచేయుచుండెను. 1916లో తన దేశమున చెలరేగిన తిరుగుబాటును గూర్చి వ్రాసిన వ్యాసము కారణముగా ఆయన యా కొలువును విడువవలసివచ్చెను. అప్పుడు మదనపల్లె కళాశాల ఆయనకు ఆశ్రయ మిచ్చినది. ఆయన భార్య మార్గరెట్టు కజిన్సు సంగీతవిద్వాంసురాలు. భారతస్త్రీల హక్కులకై పాటుపడిన వనిత.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు దక్షిణదేశయాత్ర చేయుచు ఈ కళాశాలకు అతిథిగా వచ్చి కొన్ని దినములు నిలిచెను. 1911లో తాను రచించిన ‘జనగణమన’ గీతమును ఆయన ఇచట విద్యార్థుల యెదుట పాడి వినిపించెను. ఆ రాగమును స్వరబద్ధము చేయుటలో మార్గరెట్టు తోడ్పడెను. ఫిబ్రవరి 28వ తేదీన ఠాకూరు ఆ గీతమును ఇచటనే ఆంగ్లములోనికి అనువదించెను. వంగకవి, ఐర్లండు సంగీతవేత్త, తెలుగునాటి విద్యార్థులు ఒకచోట కూడిన ఫలమిది. 1950 జనవరి 24న ఆ గీతము మన జాతీయగీత మయ్యెను.

పట్టణమునకు వెలుపలనున్న ఆరోగ్యవరము కథ ఇంతకన్న గంభీరమైనది. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో క్షయకు మందు లేదు. క్షయరోగి కనబడిన బంధువులే భయపడి దూరముగా తొలగుచుండిరి. అట్టివారికొరకు పలు క్రైస్తవ సంఘములు కలిసి నెలకొల్పిన చికిత్సాలయము 1915లో ఇచట తెరువబడెను. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మొల్లరు దానికి తొలి అధిపతి. పొడిగాలి, ఎండ, పుష్టికరమైన ఆహారము, దీర్ఘవిశ్రాంతి - ఇవియే ఆనాటి ముఖ్యచికిత్సలు. వీనితో అందరును కోలుకొనలేదు. అయినను, ఎవ్వరును దగ్గరకు రానీయని మనుష్యునికి ఒక మంచమును, ఒక పలుకరింపును ఇచట దొరకెను.

1943లో స్ట్రెప్టోమైసిన్ అను మందు కనుగొనబడెను. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా వేయుట ఆరంభమైనప్పుడు, తొలి ప్రయత్నము జరిగిన స్థలములలో మదనపల్లె యొకటి. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన మరియొక మేలు చేసినది. సరియైన మందులను క్రమముగా పుచ్చుకొన్నచో క్షయరోగి ఇంటియొద్ద ఉండియే కోలుకొనగలడని అది నిరూపించెను. ప్రత్యేకాలయముల అవసరము తగ్గినందున ఆరోగ్యవరము నేడు అన్ని రోగములకును చికిత్స చేయు వైద్యశాలగా ఉన్నది.

మదనపల్లె అతిథులను చేర్చుకొనుటయే కాదు, లోకమునకు ఒక అతిథిని పంపినది కూడ. తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ యూరనే జన్మించెను. కొందరు ఆయనను జగద్గురువుగా కొలువ సంఘము నేర్పరుపగా, 1929లో ఆయన తానే దానిని రద్దుచేసెను. ఆయన స్థాపించిన ఋషివ్యాలీ పాఠశాల సమీపపు లోయలో నేటికిని నడచుచున్నది. చేరువనే హార్సిలీకొండ గలదు. స్థానికులు దానిని ఏనుగు మల్లమ్మ కొండ యందురు. ఆంగ్లాధికారి పేరు పైకి వచ్చినను మల్లమ్మ పేరు జనుల నోట నిలిచియున్నది.

ఈ ప్రాంతపు రైతును బ్రతికించుచున్న టమాటా కూడ ఒక అతిథియే. దక్షిణ అమెరికాలో పుట్టి మన దేశమునకు వచ్చిన ఈ పంటను మనవారు రామములగ యని పిలిచి తమదిగా చేసికొనిరి. మదనపల్లె టమాటా విపణి దేశములోని పెద్ద విపణులలో నొకటి. మండీలలో వేలముపాట సాగుచుండగా పరరాష్ట్రముల లారీలు వేచియుండును. కాని ఈ కాయ నిలువయుండదు. ధర పడిన దినమున కోతకూలియైన గిట్టదు. 2023 జూలైలో కిలో నూరు రూపాయలు దాటిన ధర కొలది వారములలోనే పడిపోయెను. విపణిలోని సందడిని చూచువాడు దాని వెనుకనున్న రైతు దిగులును కూడ గమనింపవలెను.

దక్షిణముగా పోయినచో పుంగనూరు వచ్చును. సుమారు మూడడుగుల యెత్తుగల పుంగనూరు ఆవు ప్రసిద్ధి కెక్కినది. కొద్ది మేతతో, కరవునకు తాళి, చిక్కని పాల నిచ్చు ఈ జాతి, ఎక్కువ పాలకై విదేశీజాతులతో సంకరము చేయుటవలన దాదాపు అంతరించు స్థితికి వచ్చెను. పలమనేరులోని పరిశోధనాస్థానము దానిని కాపాడుటకు పూనుకొన్నది. క్రొత్తదానిని ఆదరించుట మంచిదే కాని, ఇంటిదానిని మరువరాదని ఈ చిన్న యావు హెచ్చరించుచున్నది.

ఇంకను దక్షిణమున, మూడు రాష్ట్రములు కలియు మూలను కుప్పము గలదు. ద్రావిడభాషలను ప్రక్కప్రక్కన నుంచి అధ్యయనము చేయుటకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయ మిచట స్థాపింపబడెను. మదనపల్లె అంగడివీథిలో వర్తకుడు సహజముగా చేయుచున్న పనియే ఇచట శాస్త్రమైనది.

ఈ యూళ్లలో ఆకాశము నంటు కట్టడములను వెదకువాడు నిరాశపడును. తీరికగా నడచి, వినయముగా అడిగి, ఓపికతో వినువానికి మాత్రము ఇవి యెంతయో చెప్పును. రోగికి మంచమును, కొలువు పోయినవానికి పనిని, బాటసారికి పలుకరింపును ఇచ్చిన యూరు చిన్నదైనను గొప్పదే. అట్టి యూరికి పోవు అతిథియు, తాను కన్న మంచిని తన యూరికి కొనిపోయి, తన వీథికి వచ్చిన క్రొత్తవానిని ఆదరింపవలెను.