ప్రేమ పేరిట పెత్తనం

"ప్రేమ కాబట్టే అడుగుతున్నాను. ఫోను ఇటివ్వు." ఇలాంటి మాటలు వింటున్న పిల్లలు మన ఊళ్లలోనూ ఉన్నారు. మొదట ఈ ఆరా ఆప్యాయతలాగే తోస్తుంది. తర్వాత పాస్‌వర్డు అడగడం, స్నేహితులతో మాట్లాడవద్దనడం, బట్టల మీద ఆంక్షలు, ఫోటోలు అందరికీ చూపిస్తాననే బెదిరింపు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. చెయ్యి చేసుకోకపోయినా ఇది హింసే.

అమెరికాలో 2019లో జరిపిన ప్రభుత్వ సర్వే ప్రకారం, ప్రేమ సంబంధాల్లో ఉన్న హైస్కూలు విద్యార్థుల్లో సుమారు 12 మందిలో ఒకరు ఆ ఏడాది కాలంలో దెబ్బలు తిన్నారు. వారిలో మగపిల్లలు కూడా ఉన్నారు.

మనసుకు తగిలే గాయం

ఎప్పుడూ భయంతో ఉండే పిల్లలకు నిద్ర పట్టదు, చదివింది తలకెక్కదు. తిట్టిన మర్నాడే కన్నీళ్లతో క్షమాపణ అడిగితే "తప్పు నాదేనేమో" అనుకుంటారు. క్రమంగా తమ మీద తమకే నమ్మకం పోతుంది. ఇలాంటి హింసకు గురైన పిల్లలను అయిదేళ్ల తర్వాత పరిశీలించిన ఒక అధ్యయనం 2013లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వెలువడింది. ఆడపిల్లల్లో మానసిక కృంగుదల, అతిగా మద్యం తాగడం, మగపిల్లల్లో గంజాయి వాడకం, సంఘ వ్యతిరేక ప్రవర్తన ఎక్కువగా కనిపించాయి. ఆత్మహత్య ఆలోచనలు ఇద్దరిలోనూ ఎక్కువే.

2008 డిసెంబరులో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ దాడి జరిగింది. ఇటువంటి నేరస్థులను మన పత్రికలు 'ప్రేమోన్మాదులు' అంటాయి. కాదన్న అమ్మాయిని శిక్షించడంలో ప్రేమ ఎక్కడుంది? ఈ మాటలు వింటూ పెరిగే పిల్లలు పెత్తనాన్నే ప్రేమ అనుకోరా?

ఇంట్లో ఎందుకు చెప్పరు?

తెలిస్తే చదువు మాన్పిస్తారు, పెళ్లి చేసేస్తారు, పరువు తీశావంటారు. ఈ భయమే బెదిరించేవాడి చేతిలో ఆయుధం. "మీ నాన్నకు చెప్పేస్తాను" అన్న ఒక్క మాటతో ఏళ్ల తరబడి లొంగదీసుకోగలడు. మన కోపం మన బిడ్డకు కాపలా కాకపోగా వాడికి తోడవుతోంది.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

ఫోను మోగితే ఉలిక్కిపడడం, స్నేహితులకు దూరం కావడం, మార్కులు హఠాత్తుగా తగ్గడం గమనించండి. బిడ్డ నోరు విప్పితే మొదట పూర్తిగా వినండి. "నీ తప్పు కాదు, మేమున్నాం" అనండి. మెసేజీలను చెరిపేయనివ్వకండి, అవి సాక్ష్యం. వెంటపడి వేధించడం 2013 నుంచి మన చట్టంలో నేరం. ఆపదలో 112, పిల్లల సహాయానికి 1098, మానసిక వేదనలో 14416 నంబర్లు ఉన్నాయి. చనిపోతానన్న మాట బిడ్డ నోట వస్తే ఒంటరిగా వదలక, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

మన కొడుకులకూ ఒక పాఠం నేర్పాలి. అవతలి మనిషి 'వద్దు' అంటే అది అవమానం కాదు, జవాబు. ఇంట్లో తండ్రి తల్లి మాటను గౌరవించడం చూసిన పిల్లవాడికి ఈ పాఠం వేరే చెప్పనక్కరలేదు.