కాగితాలు ఢిల్లీలో, మనుషులు అండమాన్‌లో

అండమాన్ చరిత్ర కాగితాలు చాలావరకు అండమాన్‌లో లేవు. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలను వెంటబెట్టుకుని ఇక్కడ దిగినప్పటి నుంచి దొరలు రాస్తూనే ఉన్నారు. ఏ ఓడలో ఎవరొచ్చారు, అడవిలోకి ఎవరు పారిపోయారు, జ్వరంతో ఎంతమంది పోయారు, ఎవరికి పెళ్ళి చేసుకోవడానికి అనుమతిచ్చారు, అన్నీ రాశారు. 1942 మార్చిలో జపాన్ సైన్యం వచ్చింది, 1945 అక్టోబరు దాకా ఉంది. ఆ మూడున్నరేళ్ళలో ఇక్కడి ఆఫీసుల దస్త్రాలు చాలావరకు నాశనమయ్యాయి. మిగిలినవి ఏమిటంటే, ఇక్కడి నుంచి కలకత్తాకు, అక్కడి నుంచి లండన్‌కు పైఅధికారుల కోసం పంపిన ఉత్తరాలూ నకళ్ళూ. ఇవాళ అవి ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో కొన్ని, లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో కొన్ని ఉన్నాయి. ఢిల్లీకి విమానం టిక్కెట్టు ధర చూస్తే మా వాళ్ళెవరికీ చరిత్ర మీద ఆసక్తి మిగలదు.

నాది పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఆస్టినాబాద్‌లో జెరాక్స్ షాపు. లామినేషన్, స్పైరల్ బైండింగ్, ఆన్‌లైన్ ఫారాలు, ప్రింటవుట్లు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు నుంచి వలలతో వచ్చినవాడు. నేను పుట్టింది ఇక్కడే. గారాచర్మ, డాలీగంజ్, బ్రూక్షాబాద్ అన్నీ దగ్గరే కాబట్టి కాలేజీ పిల్లలు ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకుని వస్తారు. వాళ్ళతోపాటు కూర్చుని వెతికీ వెతికీ, డబ్బు కట్టకుండా చదువుకోగలిగే ఈ డిజిటల్ భాండాగారాల దారులు నాకు అలవాటయ్యాయి. పరిశోధకులు వీటిని రిపాజిటరీలు అంటారు. మా షాపులో 'ఆ సైట్లు' అంటే చాలు.

ముందు కేబుల్ సంగతి చెప్పాలి. చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకు ముందు మాకు ఇంటర్నెట్ అంటే ఉపగ్రహమే. రాత్రి డౌన్‌లోడ్ పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి ముక్కాలు వంతు వచ్చి ఆగిపోయి ఉండేది. మధ్యలో వాన పడితే అదీ లేదు. స్కాన్ చేసిన పాత పుస్తకం ఒక్కోటి యాభై, వంద ఎంబీ ఉంటుంది. అందుకని 1996లో మొదలై లోకానికి ఎప్పుడో తెరుచుకున్న ఇంటర్నెట్ ఆర్కైవ్ మాకు నిజంగా తెరుచుకున్నది 2020లోనే. ఉచితం అనే మాట వెనక ఎప్పుడూ ఇంకో ఖర్చు ఉంటుంది. మెయిన్‌ల్యాండ్ వాళ్ళకు అది కనిపించదు.

మా షాపుకు ఒక పెద్దాయన వస్తుంటారు. ప్రీ-42 కుటుంబం. అంటే జపాన్ వాళ్ళు రాకముందు నుంచీ ఇక్కడున్న ఖైదీల, పాత కాపురస్తుల సంతానం. ఇంట్లో వాళ్ళది హిందీ. తెలుగు రాదు కానీ, ముత్తాత గోదావరి పక్క కొండల నుంచి ఖైదీగా వచ్చాడని తాత చెప్పేవాడట. "బేటీ, ఆయన పేరు కంప్యూటర్లో ఉంటుందా?" అని అడిగారు.

ఆ కథను కొట్టిపారెయ్యడానికి లేదు. 1879లో రంప ఫితూరీ జరిగాక పట్టుబడ్డవాళ్ళను అండమాన్‌కు పంపారు. 1922-24 మన్యం తిరుగుబాటు తర్వాతా అంతే. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను ఇక్కడికే తెచ్చారు. ఆయన బతికి బయటపడి 1952లో లోక్‌సభ సభ్యుడయ్యారు. పేరున్నవాళ్ళ సంగతి అది. పెద్దాయన ముత్తాతది పేరు లేని కేసు.

నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళు 2015లో 'అభిలేఖ్ పటల్' అనే పోర్టల్ తెరిచారు. ఈమెయిల్‌తో పేరు నమోదు చేసుకుంటే ఉచితం. అందులో బ్రిటిష్ ఇండియా హోం శాఖ కింద పోర్ట్‌బ్లెయిర్ పేరుతోనే ఒక విభాగం ఉంది. చూడగానే సంబరపడతాం. తాతగారి పేరు కొడతాం. ఏమీ రాదు.

ఎందుకు రాదంటే, ఆ వెతుకులాట ఫైలు లోపలి అక్షరాలను చదవదు. ఫైలు మీద రాసిన విషయం, నెల, సంవత్సరం, నంబరు, వీటినే చూస్తుంది. ఆ విషయాన్ని నూట యాభై ఏళ్ళ కిందట ఒక గుమాస్తా ఒక్క వాక్యంలో రాసి పెట్టాడు. ఖైదీల విడుదల అర్జీలు, యావజ్జీవ ఖైదీల శిక్ష తగ్గింపు, ఫలానా ఓడలో పంపిన వాళ్ళ ఖర్చు, ఇలా ఉంటాయి ఆ వాక్యాలు. అర్జీ పెట్టుకున్నవాడి పేరు వాటిలోకి ఎక్కడో గానీ ఎక్కదు. కాబట్టి మన మనిషి పేరుతో వెతకడం మానేసి, ఆ గుమాస్తా ఏ మాట రాసి ఉంటాడో ఆలోచించాలి. ఆయన విశాఖపట్నాన్ని విజగపటం అని రాస్తాడు. గోదావరిని ఇప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో రాయడు, చివర 'ఈ ఆర్ వై' పెడతాడు. రంపలో మొదటి 'ఏ' బదులు 'యూ' ఉంటుంది. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించాను.

ఇంకో చిక్కు. ఖైదీ ఇక్కడ దిగాక అతని పేరుకు విలువ లేదు, నంబరుకే. మెడలో వేలాడే చెక్క బిళ్ళ మీద ఆ నంబరు, శిక్ష పడ్డ సెక్షను, శిక్ష తేదీ ఉండేవి. పెద్దాయన ఇంట్లో ఆ నంబరు ఎవరికీ గుర్తు లేదు. ఎందుకు గుర్తుంచుకుంటారు? మరిచిపోవడానికే ప్రయత్నించి ఉంటారు. మరో సంగతి, కొన్ని ఫైళ్ళకు పోర్టల్‌లో వివరం మాత్రమే కనిపిస్తుంది, బొమ్మ ఉండదు. ఇంకా స్కాన్ కాలేదన్నమాట.

పెద్దాయనకు ముత్తాత దొరకలేదు. దొరికినది ఇంకోటి. 1901 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ సంపుటాన్ని అప్పటి చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్ రాశాడు. శిక్షలో కొంతకాలం గడిచాక టికెట్ తీసుకుని సొంతంగా సేద్యం చేసుకునే ఖైదీలను సెల్ఫ్ సపోర్టర్లు అనేవారు. ఆ ఏర్పాటు ఎలా నడిచేదో అందులో వివరంగా ఉంది. ఆ పేజీల ప్రింట్లు తీయించుకున్నారు. ఇంగ్లీషు నేను చదివి హిందీలో చెబుతుంటే, "మా తాత పొలం ఇలాగే వచ్చింది" అన్నారు. లెస్టర్ యూనివర్సిటీకి చెందిన క్లేర్ ఆండర్సన్ అనే చరిత్రకారిణి అండమాన్ ఖైదీల మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. ప్రపంచ ఖైదీ వలసల మీద ఆమె సంపాదకత్వంలో 2018లో వచ్చిన పుస్తకాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. దాన్ని ఆయన మనవరాలి ఫోనులో వేసిచ్చాను.

కాలేజీ పిల్లలకు కావలసింది వేరు. వాళ్ళకు శోధ్‌గంగ. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలను ఎలక్ట్రానిక్ రూపంలో కూడా ఇవ్వాలని 2009లో యూజీసీ నిబంధన పెట్టింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాటిని ఒక్కచోట చేర్చింది. ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. అంతకు ముందు ఒక సిద్ధాంత వ్యాసం చదవాలంటే ఆ యూనివర్సిటీ లైబ్రరీకి ఉత్తరం పట్టుకుని వెళ్ళి, బీరువా తాళం ఉన్నాయన కోసం కూర్చోవాలి. బ్రూక్షాబాద్‌లో పాండిచ్చేరి యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది కాబట్టి మా పగడపు దిబ్బల మీద, చేపల మీద జరిగిన పరిశోధన మా ఊరి పక్క నుంచే వెళ్ళి ఆ గంగలో కలుస్తోంది.

అక్కడ ఒక్కో అధ్యాయం ఒక్కో పీడీఎఫ్‌గా ఉంటుంది. పిల్లలు మూడో అధ్యాయం ఒక్కటే ప్రింటు అడుగుతారు. నేను చివర్న ఉండే ఆధార గ్రంథాల పట్టిక కూడా తీసిస్తాను. వద్దంటారు. అసలు పనికొచ్చేది అదే. దాన్ని పట్టుకుంటే ఇంకో ముప్పై దారులు తెలుస్తాయి. "అక్కా, ఈ రెండు పేజీలు కొంచెం మార్చి పెట్టవా" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే చిక్కే. నేను బైండింగే చేస్తానమ్మా, మార్పులు చెయ్యను అంటాను.

తెలుగు పుస్తకాల కథ ఇంకా చిత్రం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్ళిన రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చెయ్యాలని తలపెట్టారు. ఆ పనిలో భాగంగానే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల మన పాత పుస్తకాలు వేలల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోకి ఎక్కాయి. కాపీరైట్ గొడవలు వచ్చి 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడింది. మన దేశంలో రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. స్కాన్ చేసేటప్పుడు ఆ లెక్క అందరూ సరిగ్గా చూసుకోలేదు. అదృష్టం ఏమిటంటే, కార్ల్ మలమూద్ అనే అమెరికన్ ఆ పుస్తకాల్లో లక్షలాదివాటికి నకళ్ళు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టాడు. ఇవాళ పాత తెలుగు నవల వెతికితే తగిలేది చాలాసార్లు ఆ నకలే. కాకపోతే పేర్లు వింత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, సున్న వచ్చినచోటల్లా 'ఎన్' పక్కన ఒక కొక్కెం. మనకు తోచిన స్పెల్లింగుతో వెతికితే పుస్తకం ఉండి కూడా దొరకదు. నేను రచయిత ఇంటిపేరు ఒక్కటే కొడతాను.

ఆంధ్రపత్రిక, భారతి పాత సంచికలు కావాలంటే ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన ఆర్కైవ్ ఉంది. తెలుగు వికీసోర్స్‌లో అయితే అచ్చు పుస్తకాలను జనమే కూర్చుని మళ్ళీ టైపు చేసి, దిద్ది పెడుతున్నారు. అక్కడ పుస్తకం లోపలి మాటను కూడా వెతకొచ్చు. వ్యవసాయం వాళ్ళకు కృషికోశ్. గారాచర్మలో 1978 నుంచీ ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ లాంటి వాటి పని అందులో వెతుక్కోవచ్చు. పక్షుల పిచ్చి ఉన్నవాళ్ళకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ చూపిస్తాను. కాంగ్రెస్ పార్టీ పెట్టిన ఏ.ఓ. హ్యూమ్ అంతకు ముందు పక్షుల శాస్త్రవేత్త. నార్కొండం దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని హార్న్‌బిల్ పక్షికి 1873లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. ఆ పేరు అచ్చయిన పత్రిక పేజీలు ఆ లైబ్రరీలో ఉన్నాయి.

ఇక అంత సులువుగా మింగుడుపడని విషయం. ఇక్కడి ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సులో వెళుతూ జారవా తెగవాళ్ళ ఫోటో తీస్తే నేరం. మంచి చట్టం. కానీ 1890లలో పోర్ట్‌మన్ అనే అధికారి అండమానీయులను బట్టల్లేకుండా నలుపు తెలుపు గళ్ళ తెర ముందు నిలబెట్టి, ఒంటి కొలతల కోసం తీసిన ఫోటోలు ఇంట్లో కూర్చుని ఎవరైనా చూడొచ్చు. ఆ తెర ముందు నిలబడ్డవాళ్ళకు మాట చెప్పే అవకాశమే లేదు. కాగితం పాతబడిపోయింది కాబట్టి అందరిదీ అనే లెక్క నాకు ఇక్కడ ఒప్పదు. పిల్లలెవరైనా ఆ బొమ్మలు రంగు ప్రింటు అడిగితే, ఎందుకని అడుగుతాను. సరైన జవాబు చెబితే వేస్తాను.

దీనికి భిన్నంగా నడిచిన పనీ ఉంది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి గ్రేట్ అండమానీస్ భాషలు మాట్లాడే మిగిలిన కొద్దిమందితో కూర్చుని, వాళ్ళ మాటలూ పాటలూ కథలూ రికార్డు చేశారు. అకా-బో భాష తెలిసిన చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. ఆమె గొంతు ఉన్న ఆ సేకరణను అంతరించే భాషల ఆర్కైవ్‌లో దాచారు. ముందు లండన్‌లో ఉన్న ఆ ఆర్కైవ్ 2021లో బెర్లిన్‌కు మారింది.

చందా కట్టాల్సిన జర్నళ్ళ సంగతి అడుగుతారు కనుక చెబుతున్నాను. కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు మూడేళ్ళకు ఆరు వేల కోట్లు ఇచ్చింది. సుమారు పదమూడు వేల జర్నళ్ళు, ఆరు వేలకు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు. మా కాలేజీ పిల్లలకు లాభమే. కాలేజీ వదిలేసి షాపు నడుపుకునే నాలాంటి దానికి అందులో లాగిన్ లేదు.

తెరిచి ఉన్నది ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న నమ్మకమూ పెట్టుకోకూడదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగ్ నెలల తరబడి పనిచెయ్యలేదు. మరుసటి అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద దాడి. అందుకే పనికొచ్చిన ప్రతి ఫైలునూ, ఏ సైటులో ఎప్పుడు తీసుకున్నానో పేరులోనే రాసి, షాపు హార్డ్ డిస్కులో వేసుకుంటాను.

ఇన్ని భాండాగారాల్లో మా అండమాన్ తెలుగువాళ్ళు ఎంత ఉన్నామని చూస్తే దిగులేస్తుంది. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్ళు పదమూడు శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మేమే. ఖైదీల మీద వేల పేజీలున్నాయి, ఎందుకంటే ఖైదీని కాపలా కాసేవాడు రాయక తప్పదు. తనంతట తాను ఓడెక్కి వచ్చిన జాలరి గురించి రాయాల్సిన అవసరం ఏ గుమాస్తాకూ పడలేదు. మా కాగితాలు ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఓడ టిక్కెట్లు, అమ్మవారి పండుగ కరపత్రాలు, తెలుగు సంఘాల సావనీర్లు, పడవ కొన్న రసీదులు, ఊరి నుంచి వచ్చిన ఇన్‌లాండ్ లెటర్లు. తేమకు సగం అతుక్కుపోయి ఉంటాయి.

లామినేషన్‌కని ఎవరైనా అలాంటిది తెస్తే ముందు స్కాన్ చేసుకుంటానని అడుగుతున్నాను. ప్లాస్టిక్ వేడికి పాత సిరా పాడవుతుందని చెప్పి, కొందరి చేత లామినేషన్ మాన్పించాను కూడా, అక్కడ షాపుకు నష్టమే. ఇన్‌లాండ్ లెటర్లలో ఇంటి గొడవలుంటాయి కాబట్టి వాటిని ఎక్కడా పెట్టను. రాసినవాళ్ళ పిల్లలు సరే అన్న కరపత్రాలు, సావనీర్ పేజీలు మాత్రం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎక్కిస్తున్నాను. ఖాతా ఉచితం. విషయం అనే గడిలో ఊరి పేరు తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో జనం రాసే స్పెల్లింగులన్నీ ఒక్కోసారి, తర్వాత పోర్ట్‌బ్లెయిర్, దాని పక్కనే 2024లో పెట్టిన కొత్త పేరు శ్రీ విజయ పురం కూడా కొడతాను. వెతికేవాళ్ళు ఏ పేరుతో వస్తారో తెలియదు కదా.