లోతున విత్తిన గోధుమ – విత్తనపు మందు

గోధుమ గింజను నాలుగైదు సెంటీమీటర్ల లోతున విత్తినచో కొలది దినములలోనే మొలక తల యెత్తును. అదే గింజపై పదిహేను సెంటీమీటర్ల మన్ను కప్పినచో నేమగును? మొలక పైకి వచ్చునా? లోపలనే ఆగిపోవునా?

ఇది ఊరక వేసిన ప్రశ్న గాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు తూర్పు భాగమున కాస్కేడ్ పర్వతములు సముద్రపు తేమగాలులను అడ్డగించుచున్నవి. అచట అనేక ప్రాంతములలో ఏటికి 300 మిల్లీమీటర్ల వానయైన కురియదు. అందుచే రైతులు ఒక యేడు పొలమును బీడుగా నుంచి, నేలలో తేమను నిలువచేసి, మరుసటి ఆగస్టు చివరనో సెప్టెంబరులోనో శీతకాలపు గోధుమను విత్తుదురు. అప్పటికి పైమన్ను ఎండి దుమ్మై యుండును. పదును అడుగున నుండును. గింజ ఆ పదునును అందుకొనవలెను. మన నల్లరేగడి రైతు గొఱ్ఱుతో జొన్నను పదునున పడవేయుట యిట్టిదే; అచట లోతు మిక్కిలి ఎక్కువ.

మొలకయొక్క లేత ఆకును ఒక గొట్టమువంటి తొడుగు కప్పియుండును. దానిని అంకుర కవచ మందురు. మన్నును చీల్చుకొని పోవునది అదియే. కవచము నేలపైకి రాకమునుపే పెరుగుట మానినచో, మెత్తని ఆకు బయటపడి, మన్ను గుల్లగా నున్న కొంత దూరము పోగలదు. లేనిచో మడతలు పడి లోపలనే నశించును. ఇంతలో వాన కురిసి పైమన్ను పెచ్చు కట్టినచో కష్టము ఇనుమడించును.

గింజకు మరియొక శత్రువు శిలీంధ్రము. గోధుమకు వచ్చు కాటుక తెగులు గింజలను కుళ్లిన చేపల వాసన గల నల్లని పొడిగా మార్చును. ఈ పొడి వలననే తెగులు అంటునని 1755లో ఫ్రాన్సు దేశీయుడు టిల్లే ప్రయోగములతో చూపెను. 1807లో ప్రెవో అను నతడు దానికి మూలము సూక్ష్మజీవియని, మైలుతుత్తము దానిని అణచునని తెలిపెను. విత్తనమునకు మందు పట్టించుట కిది శాస్త్రీయమైన పునాది.

నేడు వాడు మందులలో ట్రయజోల్ వర్గము ముఖ్యమైనది. శిలీంధ్రము తన కణపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారు చేసికొనకుండ నివి ఒక ఎంజైమును అడ్డగించును. అట్టి ఎంజైమే మొక్కలో జిబ్బరెల్లిన్ అను పెరుగుదల హార్మోనును తయారు చేయుటలో నొకటి కలదు. మందు దానిని గూడ కొంత తాకును. హార్మోను తగ్గినచో కవచము కురచ యగును. ట్రయడిమెనాల్ ఇందుకు పేరు పొందినది. డైఫెనోకొనజోల్ ప్రభావము తక్కువ.

పైరు పడిపోకుండ పెంచిన పొట్టి రకములలో మరియొక చిక్కు. జపాను దేశపు నోరిన్-10 నుండి వచ్చిన పొట్టి జన్యువులు మొక్కను జిబ్బరెల్లిన్‌కు సరిగా స్పందింపనీయవు. అందుచే కాండముతో బాటు కవచమును కురచయే. అట్టి రకమును లోతున విత్తి, పైగా అట్టి మందు పట్టించినచో రెండు లోపములు కలియును.

అట్లని మందు మానుదమా? లోతున నున్న గింజ ఎక్కువ దినములు మట్టిలో నుండును గనుక శిలీంధ్రములకు చిక్కు అవకాశము హెచ్చు. మందు అవసరము, మందు వలని నష్టము ఒకచోటనే కూడినవి. కవచము పొడవైన రకమును, దానిని కురచ చేయని మందును ఎన్నుకొని, చెప్పిన మోతాదు మీఱకుండుటయే మార్గము.

విద్యార్థులు దీనిలో ఒక భాగమును తరగతిలోనే చూడవచ్చును. మందు పట్టింపని గోధుమలను గాజు గ్లాసులలో తడి ఇసుకలో 3, 6, 9, 12 సెంటీమీటర్ల లోతున, గాజు ప్రక్కగా నాటి, నల్లకాగితము చుట్టి, దినమున కొకసారి కవచపు పొడవు కొలిచి వ్రాయుడు. మందు పట్టించిన విత్తనము విషము. దానిని చేత ముట్టరాదు. కవచము ఏ లోతున ఓడిపోవునో మీ అంకెలే చెప్పును.